రూమ్‌లో ఉండే స్టూడెంట్‌కి వారం వంట: ఆదివారం రెండు గంటలు, మిగతా రోజుల్లో పావుగంట

హైదరాబాద్‌లో హాస్టల్ వదిలేసి విద్యానగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కేపీహెచ్‌బీలోనో రూమ్ తీసుకున్న ప్రతి బ్యాచ్‌కీ మొదటి వారం ఒకేలా గడుస్తుంది. కొత్త కుక్కరు, కొత్త కత్తి, సంచి నిండా కూరగాయలు, ఇక బయట తినేదే లేదు అన్న ఊపు. మూడో వారానికి వంకాయలు మూలన ముడతలు పడి ఉంటాయి, రాత్రి ఎనిమిదిన్నరకి ల్యాబ్ రికార్డు ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ పెడుతుంటారు. వంట రాక ఇలా జరుగుతుందనుకోవద్దు. సిటీ బస్సులో గంట నిలబడి వచ్చినవాడు ఉల్లిపాయలు తరగాలి, వెల్లుల్లి ఒలవాలి, చింతపండు నానబెట్టాలి, పప్పు ఉడికించాలి, తిన్నాక గిన్నెలు తోమాలి. పొయ్యి వెలిగించాక పట్టే టైమ్ కంటే వెలిగించే ముందు పోయే టైమే ఎక్కువ.

దీనికి మందుగా వీడియోల్లో ఒక పద్ధతి చూపిస్తారు. ఆదివారం కూర్చుని ఒకేలాంటి డబ్బాలు పది సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, రోజుకొకటి తీసి వేడి చేసుకు తినడం. మన తిండికి అది నప్పదు. అన్నం రెండో రోజుకే గట్టిపడుతుంది, వేపుడు మెత్తబడుతుంది, చారు రుచి మారుతుంది, గురువారం వచ్చేసరికి ఆ డబ్బా మూత తీయాలంటేనే విసుగు. మనకి పనికొచ్చేది సగం వంట. అంటే తరగడం, ఒలవడం, ఉడికించడం, ముద్ద చేయడం లాంటి విసుగు పనులన్నీ ఒక్క పూటలో అయిపోవాలి, పోపు వేసి కలపడం మాత్రం తినే ముందు జరగాలి. అప్పుడు కూర తాజాగానే ఉంటుంది, టైమూ మిగులుతుంది. కింద రాసిందంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ముందు పూటలు లెక్కపెట్టండి

వారానికి మూడు పూటల చొప్పున ఇరవై ఒక్క పూటలు అని మొదలుపెట్టినవాళ్లే మొదట మానేస్తారు. టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని నిజంగా రూమ్‌లో తినేవి ఎన్నో చూసుకోండి. టిఫిన్ చాలామంది కాలేజీ దగ్గర బండి మీదే కానిస్తారు, శనివారం ఫ్రెండ్స్‌తో బయట, పండగొస్తే ఊరికి. తీసేయాల్సినవి తీసేస్తే మధ్యాహ్నం బాక్స్ అయిదు, రాత్రి భోజనం అయిదు, మొత్తం పది పూటల దగ్గర తేలుతుంది. ఈ పదికి మాత్రమే సరుకు తెచ్చుకోండి. మొదటి రెండు వారాలు ఆరింటికే ప్లాన్ చేసుకున్నా తప్పులేదు, కూరగాయ పారేస్తే డబ్బుతో పాటు వండుకోవాలన్న ఉత్సాహం కూడా పోతుంది.

2. సామాను

మూడు లీటర్ల కుక్కరు ఒకటి, ఇద్దరు ముగ్గురుంటే అయిదు లీటర్లది, అందులో పట్టే గిన్నెలు రెండు. అడుగు మందంగా ఉన్న మూకుడు, పోపు గరిటె, మంచి కత్తి, చెక్క, గట్టి మూతలున్న స్టీల్ డబ్బాలు ఏడెనిమిది, పచ్చడి అయిపోయాక కడిగి దాచుకున్న గాజు సీసాలు. స్టీల్ సామాను ఎక్కువ కావాలంటే బేగంబజార్ వెళ్లండి, అక్కడ తూకానికి అమ్మే షాపులు వరసగా ఉంటాయి. మిక్సీ ఉంటే హాయి. లేకపోతే చిన్న రోలు చాలు, పొడులు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు.

పొయ్యి విషయంలో కాస్త ఆగి ఆలోచించాలి. ఇండక్షన్ స్టవ్ కొనే ముందు రూమ్‌లో పెద్ద ప్లగ్గు, అంటే 16 ఆంపియర్ల సాకెట్, ఉందో లేదో చూడండి. 2000 వాట్ల స్టవ్‌ని మామూలు చిన్న ప్లగ్గుకో ఎక్స్‌టెన్షన్ బోర్డుకో తగిలిస్తే వైరు వేడెక్కి కాలుతుంది. ఫుల్ మీద అరగంట నడిస్తే ఒక యూనిట్ కరెంటు ఖర్చు, ఓనర్‌తో బిల్లు సంగతి ముందే మాట్లాడుకోండి. ఉత్త అల్యూమినియం కుక్కరు దీని మీద పనిచేయదు. కొనేటప్పుడు చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి గిన్నె అడుగున పెట్టి చూడండి, అతుక్కుంటే పనికొస్తుంది. గ్యాసే కావాలంటే కంపెనీలే అమ్మే 5 కిలోల చిన్న సిలిండరు ఉంది, ఇండేన్‌వాళ్లు దాన్ని ఛోటూ అంటారు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. గల్లీ షాపుల్లో పెద్ద సిలిండర్లోంచి చిన్నదాంట్లోకి గ్యాస్ ఎక్కించి ఇస్తుంటారు, వాటి జోలికి పోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా పేలితే రూమంతా పోతుంది.

కుక్కరు గురించి ఒక్క మాట. మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ నింపకూడదు. పప్పు, శనగలు లాంటివి నురగ కట్టి పొంగుతాయి కాబట్టి సగానికే ఆపాలి. విజిల్ కింది రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందా లేదా అని మూత పెట్టే ముందు చూసే అలవాటు చేసుకోండి.

3. సరుకులు, కూరగాయలు

ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ రైతు బజార్లలో ఏది దగ్గరైతే అది. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, ముందు అది చదివి లోపలికి వెళ్తే బేరంలో బెదరక్కర్లేదు. దూరమనుకుంటే మీ బస్తీలో వారానికోసారి పెట్టే అంగడి ఉండనే ఉంటుంది, రాత్రి సర్దుకునే టైమ్‌కి వెళ్తే ఇంకా చవక. కానీ చవగ్గా వచ్చిందని మూడు కిలోల టమాటాలు మోసుకురావద్దు.

ఒక్కరికి పది పూటలకి సుమారుగా ఇంత సరిపోతుంది: బియ్యం ఒక కిలో (పూటకి 80 నుంచి 100 గ్రాములు), కందిపప్పు 300 గ్రాములు, శనగలు పావుకిలో, గుడ్లు డజను, ఉల్లిపాయలు కిలో, టమాటాలు కిలో, ఆకుకూర రెండు మూడు కట్టలు, నాలుగు రకాల కూరగాయలు పావుకిలో చొప్పున, ఆలుగడ్డలు అరకిలో, పల్లీలు పావుకిలో, చింతపండు 150 గ్రాములు, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర, కరివేపాకు. పోపు దినుసులు, నూనె, కారం, పసుపు నెలకోసారి తెచ్చేవి.

ఏది ముందు వండాలన్నది కొనేటప్పుడే తేల్చుకోవాలి. పాలకూర, తోటకూర, గోంగూర మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. బెండకాయ, బీరకాయ, వంకాయ వారం మధ్యలోకి. దొండకాయ, క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్, ఆలుగడ్డ చివరికి. బెండకాయలు కడిగి దాచొద్దు, కడిగితే తుడిచి ఆరబెట్టాకే తరగాలి, లేదంటే జిగురు పట్టి మూకుడంతా అంటుకుంటుంది. కొత్తిమీర వేర్లు కోసేసి, పాత పేపర్లో చుట్టి డబ్బాలో పెడితే వారం ఉంటుంది. పచ్చిమిర్చి తొడిమలు తీసి పెట్టండి. ఉల్లిపాయలూ ఆలుగడ్డలూ ఒకే బుట్టలో వేస్తే ఆలుగడ్డలు త్వరగా మొలకెత్తుతాయి, వేరుగా ఉంచండి.

4. ఆదివారం రెండు గంటలు

శనివారం రాత్రి పడుకునే ముందు శనగలు నానబోయాలి, ఎనిమిది గంటలైనా నానాలి. రాజ్మా అయితే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మాలో ఉండే ఒక విషపదార్థం వాంతులు చేయిస్తుంది, కనీసం పది నిమిషాలు కళపెళా మరిగితేనే అది పోతుంది.

ఆదివారం వంటింట్లోకి రాగానే చేయాల్సిన మొదటి పని నానబెట్టడం. 200 గ్రాముల కందిపప్పు కడిగి ఒక గిన్నెలో, 150 గ్రాముల చింతపండు వేడినీళ్లలో ఇంకో గిన్నెలో. అవి నానేలోపు ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి ముందేసుకుని కూర్చోండి. పాటలు పెట్టుకోండి, అమ్మకి ఫోన్ చేయండి, ఈ అరగంటే కాస్త బోరు.

పప్పుకి నీళ్లెన్ని పోయాలని అమ్మని అడిగితే "సరిపడా పోయ్ నాన్నా" అంటుంది, ఉప్పెంత అంటే "తగినంత". లెక్క కావాలంటే ఒక గ్లాసు కందిపప్పుకి మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె, నాలుగు విజిల్స్. చింతపండు, టమాటా ఇప్పుడే వేయొద్దు, పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. చాలా రూముల్లో బోరు నీళ్లే వస్తాయి, అవి లవణాలు ఎక్కువున్న గడ్డు నీళ్లయితే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది, అలాంటప్పుడు వంటకి తాగే నీళ్లు వాడండి. ఉడికాక మెత్తగా ఎనిపి, పోపు వేయకుండా మూడు చిన్న డబ్బాల్లోకి తీయండి. ఈ ఒక్క ముద్దపప్పే మూడు పూటలు నడిపిస్తుంది: ఒక రోజు పాలకూర మగ్గించి కలిపితే పాలకూర పప్పు, మర్నాడు టమాటా వేస్తే టమాటా పప్పు, మూడో రోజు నీళ్లు, చింతపండు రసం పోసి మరిగిస్తే పప్పుచారు. ఫ్రిజ్‌లో మూడు రోజులు, అంతే. బుధవారం దాటనివ్వొద్దు.

పప్పు దిగాక అదే కుక్కర్లో శనగలు, పక్కన గిన్నెలో ఆలుగడ్డలు. గుడ్లు వేరే గిన్నెలో పది పన్నెండు నిమిషాలు. ఉడికిన గుడ్లకి పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెడితే వారం లోపల ఎప్పుడైనా వాడుకోవచ్చు, పెంకు తీసినవి మాత్రం అదే రోజు తినేయాలి.

ఇప్పుడు అసలు పని. వారం మొత్తం మిమ్మల్ని గట్టెక్కించేది ఉల్లిపాయ టమాటా ముద్ద. మూకుట్లో అయిదు చెంచాల నూనె వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు ఆరు వేసి, చిటికెడు ఉప్పు చల్లండి, ఉప్పు పడితే నీరు వదిలి త్వరగా మగ్గుతాయి. మంట మధ్యస్థంగా ఉంచి పదిహేను నిమిషాలు ఓపిక పట్టాలి. ముందు మెత్తబడి అద్దంలా మెరుస్తాయి, తరవాత అంచులు ఎర్రబడతాయి, ఆ ఎరుపు ముక్క మధ్యకి పాకే దాకా ఆగాలి. చాలామంది అద్దం దశలోనే టమాటాలు వేసేస్తారు, అందుకే రూమ్ కూరలన్నీ పచ్చి ఉల్లిపాయ వాసన కొడతాయి. ఎర్రబడ్డాక రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చి వాసన పోయేదాకా వేగాక ఆరు టమాటాల ముక్కలు, పసుపు, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి. మూత పెట్టి మగ్గనిచ్చి, తీసి కలుపుతూ ఉంటే కాసేపటికి ముద్ద దగ్గరపడి మూకుడు అంచుల వెంట నూనె తేలుతుంది. అప్పుడు దింపాలి. చల్లారాక నాలుగు చిన్న డబ్బాలు చేసి, రెండు ఫ్రిజ్ కింది అరలో, రెండు పైన ఫ్రీజర్లో. కింద పెట్టినవి మూడు నాలుగు రోజులకి, ఫ్రీజర్లోవి వారం చివరికి. గుడ్డు కూర, శనగల కూర, ఆలుగడ్డ కుర్మా, మీల్‌మేకర్ కూర అన్నిటికీ మొదలు ఇదే.

అది మగ్గుతుండగానే ఇంకో పొయ్యి ఉంటే చింతపండు గుజ్జు పని పట్టండి. నానిన చింతపండులోంచి ఒక గుప్పెడంత చారుకి, పచ్చిపులుసుకి పక్కన ఉంచుకుని, మిగతాదాన్ని చిక్కగా పిసికి వడగట్టండి. గిన్నెలో పావు గ్లాసు నూనె, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ, పసుపు, ఆపైన గుజ్జు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. నూనె పైకి తేలేదాకా ఉడికితే పులిహోర పులుసు తయారు. తడి లేని గాజు సీసాలో పోసి, తడి చెంచా పెట్టకుండా వాడుకుంటే ఫ్రిజ్‌లో రెండు వారాలు ఢోకా లేదు. పొద్దున లేవడం ఆలస్యమైన రోజు వేడన్నంలో రెండు చెంచాలు కలిపి, వేయించిన పల్లీలు చల్లి బాక్స్ కట్టేయడమే.

ఆఖరిది కందిపొడి. ఒక గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు, పది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర సన్నటి మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా విడివిడిగా వేయించి, పూర్తిగా చల్లారాకే ఉప్పు వేసి మిక్సీ పట్టాలి. వేడి మీద పడితే ఆవిరికి ఉండ కడుతుంది. ఇది నెలకోసారి చేసుకుంటే చాలు, ప్రతి ఆదివారం పెట్టుకోనక్కర్లేదు.

కూరగాయలు ముందే తరిగి పెట్టుకోవడం గురించి: క్యాబేజీ, బీన్స్, క్యారెట్, దొండకాయ రెండు రోజులకి సరిపడా తరుక్కోవచ్చు. వంకాయ, పచ్చి ఆలుగడ్డ నల్లబడతాయి, బెండకాయ జిగురొస్తుంది, వాటిని ఏ పూటకి ఆ పూటే. అల్లం వెల్లుల్లి ముద్దలో ఉప్పు కలిపి, చిన్న చిన్న ఉండలుగా ఫ్రీజర్లో పెడితే చెక్కు చెదరదు. పచ్చి వెల్లుల్లి నూనెలో వేసి బయట ఉంచడం మాత్రం అస్సలు వద్దు, గాలి తగలని చోట బొటులిజం అనే ప్రమాదకరమైన ఫుడ్ పాయిజనింగ్ తెప్పించే బ్యాక్టీరియా పెరుగుతుంది.

వండినవన్నీ వేడివేడిగా ఫ్రిజ్‌లో తోసేయకండి, అలాగని సాయంత్రందాకా గట్టు మీద వదిలేయకండి. వెడల్పాటి పళ్లెంలో పరిచినా, గిన్నెని చల్లనీళ్ల టబ్బులో పెట్టినా అరగంటలో ఆరిపోతాయి. డబ్బా మీద తెల్ల టేపు అంటించి తేదీ రాయండి, లేకపోతే బుధవారం రాత్రి నలుగురూ ఒకే డబ్బా మూత తీసి వాసన చూస్తూ నిలబడతారు.

5. అన్నం మాత్రం ఏ రోజుకి ఆ రోజే

ఇక్కడ నేను రాజీపడను. అన్నం వండటానికి పావుగంట కూడా పట్టదు, దాన్ని వారానికి వండి దాచడంలో లాభం లేదు, పైగా ప్రమాదం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది, ఉడికించినా అది చావదు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మేలుకుని పెరుగుతుంది, విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మే నెలలో మన పెంట్‌హౌస్ రూముల్లో, పైన రేకులో ఎండకి మండే శ్లాబో ఉన్నచోట, మధ్యాహ్నం వండిన అన్నం రాత్రికి పాచి వాసన రావడం అందరూ చూసిందే. వాసన రాకపోయినా నమ్మలేం.

మిగిలితే గంటలోపు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు నిమ్మకాయ పులిహోరో ఎగ్ ఫ్రైడ్ రైసో చేసుకోండి, పొగలు కక్కేదాకా వేడి చేయాలి, అదీ ఒక్కసారే. మరీ గంజి కారే మెతుకు మిగిలితే రాత్రి పాలు పోసి, చెంచాడు పెరుగు తోడేసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చితో చద్దన్నం తినండి. అదీ అన్నం వండిన కాసేపటికే తోడేయాలి, నాలుగు గంటలు బయట ఉన్నదాన్ని కాదు.

6. సోమవారం నుంచి శుక్రవారం దాకా

లేవగానే బియ్యం కడిగి కుక్కర్లో పెట్టేయండి, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు, మూడు విజిల్స్. స్నానానికి వెళ్లే ముందు రూమ్మేట్‌ని "రేయ్, మూడు రాగానే కట్టేయ్" అని లేపి మరీ చెప్పండి, నిద్రలో ఊ కొట్టినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఇండక్షన్ అయితే టైమర్ పెట్టండి.

సోమవారం పాలకూర పప్పు, ఉడికిన గుడ్డు. పోపులో పాలకూర అయిదు నిమిషాలు మగ్గించి ముద్దపప్పు కలిపితే అయిపోయింది. మంగళవారం బెండకాయ వేపుడు బాక్స్‌లోకి, రాత్రికి టమాటా పప్పు. బుధవారం శనగల కూర: ముద్ద డబ్బా ఒకటి మూకుట్లో వేసి, ఉడికిన శనగలు, గ్లాసు నీళ్లు, పది నిమిషాలు మరగనివ్వడమే. రాత్రి పప్పుచారు. పడుకునే ముందు ఫ్రీజర్లో ముద్దని కింది అరలోకి దింపడం మర్చిపోవద్దు. గురువారం పొద్దున పులిహోర, రాత్రి గుడ్డు కూర. శుక్రవారం దొండకాయ వేపుడు, కందిపొడి, పెరుగు. రాత్రికి ఆలుగడ్డ కుర్మా. ఉడికించిన ఆలుగడ్డలు బుధవారానికే అయిపోతే పచ్చివి నేరుగా ముద్దలో వేసి ఉడికించండి, ఇంకో పది నిమిషాలు పడుతుంది.

మధ్యలో ఎక్కడైనా ఒంట్లో ఓపిక లేని రాత్రికి పచ్చిపులుసు ఉంది. దాచిన చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, నిప్పు మీద కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర, కొంచెం నువ్వుల పొడి. పొయ్యి అవసరం మిరపకాయలకే. దానికి ముద్దపప్పు తోడైతే ఇక ఏమీ అడగరు.

బాక్స్ కట్టడంలో చిన్న చిట్కాలు. అన్నం కుక్కర్లోంచి నేరుగా డబ్బాలోకి తోసి మూత బిగిస్తే ఆవిరి నీరై కారి మధ్యాహ్నానికి ముద్దవుతుంది, పళ్లెంలో అయిదు నిమిషాలు ఆరనిచ్చి కట్టండి. నీళ్ల కూరలు బ్యాగులో ఒలుకుతాయి, రికార్డు బుక్కు పసుపు రంగు తిరుగుతుంది, పొద్దుటికి వేపుళ్లే పెట్టుకుని పులుసులు రాత్రికి ఉంచుకోండి. పెరుగన్నం పెట్టుకునేవాళ్లు గోరువెచ్చని అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా కలపండి, ఒంటిగంటకి మూత తీసేసరికి సరిగ్గా తోడుకుని పులవకుండా ఉంటుంది.

7. ఫ్రిజ్ లేకపోతే

సింగిల్ రూముల్లో ఎక్కువమంది పరిస్థితి ఇదే. అప్పుడు ఆదివారం పని పొడి సరుకు మీదికి మారుతుంది: కందిపొడి, పల్లీల పొడి, నువ్వుల పొడి, కరివేపాకు కారం, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ, నూనె తేలేదాకా ఉడికించిన పులిహోర పులుసు (బయటే ఉంచితే నాలుగైదు రోజుల్లో వాడేయండి). ఉల్లిపాయ ముద్ద వద్దు, ఉడికించిన పప్పు అసలే వద్దు. దానికి బదులు ఒక పని చేయండి. పెసరపప్పు వేయించి పెట్టుకోండి, అది నానక్కర్లేకుండా కుక్కర్లో అన్నం గిన్నె పక్కనే రెండు మూడు విజిల్స్‌కి ఉడుకుతుంది. కూరగాయలు రెండు రోజులకోసారి కొనండి, ఆకుకూర ఏ రోజుకి ఆ రోజు. మిగతావి తడిగుడ్డ కప్పిన వెదురుబుట్టలో, గాలి ఆడే చోట. పెరుగు చిన్న ప్యాకెట్, అదే పూట ఖాళీ. ఫ్రిజ్ ఉన్నా కరెంటు నాలుగైదు గంటలు పోయిన రోజు వండిన కూరల్ని మొహమాటపడకుండా పారేయండి.

8. బయట కొనేవి కూడా ప్లాన్‌లో భాగమే

కర్రీ పాయింట్ ఉన్న ఊళ్లో ఉంటూ అన్నీ మనమే వండాలని పంతం పట్టడం దండగ. ఇంటర్నల్స్ ఉన్న వారంలో అన్నం మనం వండుకుని కూర ఒక ప్యాకెట్ తెచ్చుకుంటే చాలు, మన దగ్గర ఉన్న పప్పు దానికి తోడు. సాయంత్రాలు రోడ్డు పక్కన పెద్ద పెనం మీద జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంటారు, కూర మీరు చేసుకుని రొట్టెలు అక్కడ కొనండి, రొట్టె కొట్టడం మొదటి ఏడాదిలో ఎవరికీ రాదు. దోసె పిండి కూడా పక్క కొట్లో ఆ రోజు రుబ్బింది దొరికితే కొనేయొచ్చు.

9. కడుపు నిండితే సరిపోతుందా

ఉస్మానియా క్యాంపస్ పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్లు చెప్పేదాని ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మన రూముల్లో ముప్పావు పళ్లెం అన్నమే. ప్రోటీన్ కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. దానికి పౌడర్ డబ్బాలు కొననక్కర్లేదు. రెండు గుడ్లలో 12, 50 గ్రాముల పప్పులో 11, కప్పు పెరుగులో 6, గుప్పెడు పల్లీల్లో 7, రోజు మొత్తంలో తినే 200 గ్రాముల బియ్యంలో 14 దాకా వస్తాయి. కలిపి చూసుకోండి. గుడ్డు తిననివాళ్లు మీల్‌మేకర్ వాడొచ్చు, ఎండువి 25 గ్రాములు వేసుకుంటే రెండు గుడ్ల లెక్క.

10. రూమ్మేట్లు

గొడవలు వంట దగ్గర రావు, గిన్నెల దగ్గర వస్తాయి. వండినవాడు తోమకూడదు అన్న ఒక్క రూల్ గోడ మీద రాసి అంటించండి. ఖర్చు రాసుకోవడానికి ఏదో ఒక యాప్ పెట్టుకోండి, కానీ గుడ్లు తిననివాడి దగ్గర గుడ్ల డబ్బులు వసూలు చేయొద్దు. ఆదివారం పని ముగ్గురుంటే గంటంబావులో తెములుతుంది: ఒకడు తరగడానికి, ఒకడు పొయ్యి దగ్గర, ఒకడు బజారుకి.

11. శనివారం ఖాళీ చేయడం

శనివారం రాత్రి కొత్తగా ఏదీ వండొద్దు. ఫ్రిజ్ తలుపు తీసి మిగిలిన అర క్యారెట్, నాలుగు బీన్స్, వాడిపోతున్న టమాటా, ఒక ఆలుగడ్డ అన్నీ బయట పెట్టండి. ముక్కలు చేసి, బియ్యం ఒక గ్లాసు, పెసరపప్పు అర గ్లాసు, అల్లం, జీలకర్ర, మిరియాలతో కుక్కర్లో వేసి కిచిడీ చేసేయండి, పులుసు సీసా అడుగున ఉన్నది నంచుకోవడానికి సరిపోతుంది. తినేటప్పుడు ఏం పారేశారో కాగితం మీద రాయండి. తోటకూర కట్ట వరసగా రెండు వారాలు చెత్తబుట్టలోకి వెళ్లిందంటే, రేపటి లిస్టులోంచి దాన్ని కొట్టేసి గుమ్మడికాయ ముక్క ఒకటి రాసుకోండి, ఆ తరవాత శనగలు నానబోసి పడుకోండి.